పుట్టింట ముద్దు... పొరుగింట హద్దు!

బల్లి అనగానే మన కళ్ల ముందు మెదిలేది ట్యూబ్‌లైటు. సాయంత్రం స్విచ్చి వేయగానే దాని చుట్టూ పురుగులు, పురుగుల వెనకాల బల్లి. మాట మధ్యలో అది పలికితే ‘సత్యం’ అనుకుంటాం. పొరపాటున మీద పడితే పంచాంగం తీసి బల్లిపాటు ఫలితాలు వెతుకుతాం. కంచికి వెళ్తే బంగారు బల్లిని ముట్టుకోకుండా వెనక్కి రాం. ఇంత చేసినా ‘అబ్బ, ఎంత అందంగా ఉందో’ అని బల్లిని మెచ్చుకున్నవాళ్లు మాత్రం మన ఇళ్లలో అరుదు.

అలా మెచ్చుకునే బల్లులూ ఉన్నాయి. ఒళ్లంతా చిలకపచ్చ. వీపు మీద కుంకుమ బొట్లు పెట్టినట్టు ఎర్రటి మచ్చలు. కొన్నింటికి నీలం తోక, కొన్నింటికి మెడ మీద బంగారు పొడి చల్లినట్టు చుక్కలు. లైటు కోసం ఎదురుచూసే అలవాటు వీటికి లేదు. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం, అరటాకు మీద దర్జాగా పడుకుంటాయి. ఆ అందమే వాటి కొంప ముంచింది. వాటి కొంపే కాదు, వాటిని మోసుకెళ్లి దించిన చోట అంతకుముందు నుంచీ ఉంటున్న చిన్న ప్రాణుల కొంప కూడా!

రెప్ప వేయని అందం

వీటిని ‘డే గెకో’లంటారు. మనం పగటి బల్లులు అనుకోవచ్చు. బల్లుల్లో ఎక్కువ భాగం రాత్రి వేటకు బయల్దేరేవే. ఇవి మాత్రం పొద్దున్నే ఎండలో ఒళ్లు వెచ్చబెట్టుకుని, పొద్దుగూకే దాకా తిరుగుతాయి. మన ఇంటి బల్లి కంటిపాప వెలుగులో నిలువు గీతలా సన్నబడుతుంది. వీటికి గుండ్రంగానే ఉంటుంది. కనురెప్పలుండవు కాబట్టి, దుమ్ము పడితే నాలుక చాపి కన్ను తుడుచుకుంటాయి. పురుగుల్ని తింటాయి. పండిన పండు కనబడితే రసం నాకుతాయి. పూలలో తేనె కూడా జుర్రుతాయి.

శాస్త్రవేత్తలు ఈ కుటుంబానికి పెట్టిన పేరు ‘ఫెల్సుమా’. ఫాన్ ఫెల్సుమ్ అనే డచ్చి వైద్యుడి పేరు మీద జాన్ ఎడ్వర్డ్ గ్రే 1825లో ఈ పేరు ఖాయం చేశాడు. యాభైకి అటూ ఇటూగా జాతులున్నాయి. వీటికి అసలు పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్, హిందూ మహాసముద్రంలో దాని చుట్టూ ఉన్న దీవులు. విచిత్రం ఏమిటంటే, ఆ బంధువులందరికీ వేల కిలోమీటర్ల దూరంలో ఒక్క జాతి మాత్రం మన దేశంలోనే ఉంది. అండమాన్ దీవుల్లో. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పచ్చ బల్లి పెరటి చుట్టమే.

పువ్వుకూ బల్లికీ పెళ్లి

పగటి బల్లుల కథ చెప్పుకోవాలంటే మారిషస్ వెళ్లాలి. ఆ దీవి మనకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు నుంచి వచ్చినవాళ్లని అక్కడ తెలుగువాళ్లకు ‘కొరంగీలు’ అనే పేరే పడింది. ఇప్పటికీ ఉగాదికి అక్కడ సెలవిస్తారు.

మారిషస్‌లో సొంత పగటి బల్లులు చాలా రకాలున్నాయి. చాలావరకు చిన్నవే, జానెడు కూడా ఉండవు. కానీ చేసే పని మాత్రం చాలా పెద్దది. పూలకు తుమ్మెదలు, తేనెటీగలు పుప్పొడి మోస్తాయని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. ఈ దీవిలో కొన్ని పూలకు ఆ పని చేసిపెట్టేది బల్లి! మారిషస్ జాతీయ పుష్పం ట్రొకీషియా కుటుంబంలోనిది. చెవి జూకాలా వేలాడుతుంది కాబట్టి దానికి అక్కడి ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరుకు అర్థం కూడా చెవి జూకా అనే. ఈ కుటుంబంలో కొన్ని పూలలో తేనె నీళ్లలా తెల్లగా ఉండదు. ఎర్రగా ఉంటుంది. రంగు తేనె, రంగులేని తేనె రెండూ పెట్టి పరీక్షిస్తే, పగటి బల్లులు రంగు తేనె వైపే మొగ్గు చూపాయి. ‘ఇక్కడ విందు ఉంది’ అని పువ్వు బల్లికి పెట్టిన బోర్డు అన్నమాట ఆ రంగు.

‘రూసియా’ అని మరో తీగ మొక్క ఉంది. ప్రపంచంలో మారిషస్ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. దాని పుప్పొడి మోసేదీ, పండు నాకి గింజల్ని వెదజల్లేదీ నీలం తోక పగటి బల్లే. అంటే ఆ బల్లి మాయమైతే మొక్కకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. మారిషస్ పక్కనే ఉన్న రోడ్రిగ్స్ దీవిలో ఒకప్పుడు రెండు రకాల పగటి బల్లులుండేవి. ఇప్పుడు రెండూ లేవు.

వచ్చాడండీ పెద్దన్న!

ఇలాంటి చోటికి 1990లలో ఓ కొత్త చుట్టం దిగాడు. మడగాస్కర్ ఉత్తర ప్రాంతపు పెద్ద పగటి బల్లి. పేరులోనే ‘గ్రాండిస్’ అని ఉంది, అంటే భారీది అని. తోకతో కలిపి 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముక్కు నుంచి కంటి దాకా ఎర్రటి గీత దీని గుర్తు. చూడముచ్చటగా ఉంటుంది, త్వరగా మచ్చికవుతుంది. అందుకే అద్దాల పెట్టెలో పెంచుకునేవాళ్లకు దీనిమీద మోజు.

పెట్టెలో ఉన్నంతసేపూ ఎవరికీ ఇబ్బంది లేదు. బయటపడ్డాకే వచ్చింది చిక్కు. పెద్ద బల్లి చిన్న బల్లిని ఆకు మీద నుంచి తరిమేస్తుంది. ఎండ కాచుకునే చోటు, గుడ్లు పెట్టుకునే చోటు, తిండి... మూడూ లాక్కుంటుంది. అవకాశం దొరికితే చిన్నదాన్ని మింగేస్తుంది కూడా. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో మారిషస్‌లోని సొంత పగటి బల్లుల్ని లెక్కపెట్టి చూశారు. ఈ పెద్దన్న పాగా వేసిన చోట అవి పలచబడ్డాయి, లేదా అసలు కనబడటమే లేదు.

పక్కనున్న రీయూనియన్ దీవిదీ అదే గోడు. అక్కడ మనపనీ అనే ఊరి పేరు మీద ఓ పచ్చ బల్లి ఉంది. ప్రపంచం మొత్తమ్మీద అది బతికే చోటు దీవి దక్షిణాన సముద్రపు ఒడ్డున పదకొండు కిలోమీటర్ల పట్టీ. విజయవాడ బస్టాండు నుంచి ఆటో ఎక్కితే అరగంటలో దాటేసేంత దూరం! ఆ కాస్త జాగాకీ ఇప్పుడు బయటి నుంచి వచ్చిన పగటి బల్లులు పోటీకొస్తున్నాయి.

అక్కడ రత్నం, ఇక్కడ రాయి

ఇక కథ పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులకు మళ్లుతుంది. అక్కడ నేల మీద తిరిగే సొంత సరీసృపం ఒక్కటి కూడా లేదు. పామూ లేదు, బల్లీ లేదు. ఇప్పుడు కనబడే ప్రతి బల్లీ మనుషుల వెంట వచ్చిందే. వాటిలో అందరి కంటా పడేది బంగారు పొడి చల్లినట్టుండే పగటి బల్లి. 1974లో ఓ విశ్వవిద్యాలయ విద్యార్థి దొంగచాటుగా తెచ్చిన కొన్ని బల్లుల్ని ఒవాహు దీవిలో వదిలాడనీ, ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమేననీ చెబుతారు. ఈరోజు కాఫీ హోటళ్లలో టూరిస్టుల టేబుళ్లెక్కి జాము నాకే స్థాయికి ఎదిగాయవి. టూరిస్టులు ఫొటోలు తీసుకుని మురిసిపోతుంటారు.

ఇదే దీవిలో ఇంకో పగటి బల్లి కూడా చేరింది. ఒంటి మీద నారింజ రంగు మచ్చలుంటాయి. దీని పుట్టిల్లు మారిషస్. అక్కడ అడవులు కొట్టేయడంతో అంతరించిపోయే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. పుట్టింట్లో దాన్ని పట్టుకుంటే నేరం, కాపాడితే పుణ్యం. ఒవాహులో మాత్రం అది పిలవని పేరంటం. బల్లి అదే, మచ్చలు అవే. మారిందల్లా ఊరే.

ఈ ఒక్క సంగతి అర్థమైతే పగటి బల్లుల చట్టాలన్నీ అర్థమైనట్టే. చట్టం చూసేది బల్లి అందాన్నో, అరుదైనతనాన్నో మాత్రమే కాదు. అది ఎక్కడుంది? ఎవరి చెయ్యి దాన్ని అక్కడి నుంచి కదిపింది? ఈ రెండు ప్రశ్నలూ అడుగుతుంది.

“నాన్నా, ఒక్కటంటే ఒక్కటే!”

సెలవులకు మారిషస్ వెళ్లిన ఏ తెలుగు కుటుంబంలోనైనా జరిగే సంభాషణే ఇది. హోటల్ వరండాలో పచ్చ బల్లిని చూసి పిల్ల గెంతులేస్తుంది.

“నాన్నా, ఒక్కటంటే ఒక్కటే పట్టుకెళ్దాం. మన బాల్కనీలో మనీప్లాంట్ మీద పెట్టుకుందాం.”

“ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లడిగితే నిన్నే చూపిస్తా తల్లీ.”

“ఏమండీ, వంటింట్లో ఉన్నవాటితోనే వేగలేకపోతున్నా. ఇంకోటి దిగితే నేను మా పుట్టింటికి పోతా!”

నవ్వులాటలా ఉన్నా తండ్రి అన్నదే నిజం. ఫెల్సుమా కుటుంబం మొత్తం ‘సైటిస్’ అనే అంతర్జాతీయ ఒప్పందంలోని రెండో జాబితాలో ఉంది. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారానికి పగ్గాలు వేసే ఒప్పందమిది. భారతదేశం, అమెరికా, మారిషస్ అన్నీ ఇందులో ఉన్నాయి. దీని ప్రకారం పగటి బల్లి దేశం దాటాలంటే పంపే దేశం అనుమతి పత్రం ఉండాలి. మంచినీళ్ల సీసాలో పెట్టుకొస్తే అది పెంపుడు జంతువు కాదు, దొంగ సరుకు.

మరి పిలవకుండా వచ్చి కూర్చున్న బల్లినైతే పట్టుకోవచ్చా? దీనికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం మంచి ఉదాహరణ. ఆ రాష్ట్రం దక్షిణ కొసన సముద్రంలోకి దండలా సాగిన ఫ్లోరిడా కీస్ దీవుల్లో మన ‘పెద్దన్న’ కాపురం పెట్టాడు. పెంపుడు జంతువుల వ్యాపారంలో నుంచి బయటపడినవాడే. ఫ్లోరిడాకు తనదంటూ ఉన్న గెకో ఒకే ఒక్కటి. రెండంగుళాలుండే రీఫ్ గెకో. దాని పక్కన అడుగు పొడవు బల్లి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అక్కడి రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ నిబంధనలు వింటే ముందు ఆశ్చర్యమేస్తుంది. బయటి నుంచి వచ్చిన సరీసృపాలకు ఆ రాష్ట్రంలో రక్షణ లేదు. స్థల యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు జాగాలో ఏడాది పొడవునా పట్టుకోవచ్చు. ఇన్నే పట్టాలన్న లెక్క లేదు. ‘అబ్బో, ఎంత ఉదారం!’ అనుకునేలోపే అసలు మెలిక వస్తుంది. హింసించకూడదు, జంతు హింస చట్టం పరాయి బల్లికీ వర్తిస్తుంది. అమ్ముకోవాలంటే లైసెన్సు కావాలి. అడుగడుగునా గుర్తుంచుకోవలసింది ఇంకోటి. పట్టుకున్నదాన్ని మళ్లీ వదలకూడదు. ఇంకో ఊళ్లోనే కాదు, పక్క వీధి చెట్టు మీదా వదలకూడదు. పట్టుకోవడం ఇష్టం, వదలడం నేరం!

అదే దీవుల్లో బిగ్ పైన్ అనే దీవి మీద పొట్టి జింకల కోసం కేంద్ర ప్రభుత్వం 1957లో ఏర్పాటు చేసిన అభయారణ్యం ఉంది. దాని సరిహద్దు దాటి లోపలికి అడుగుపెడితే లెక్క మారిపోతుంది. అక్కడ అనుమతి లేకుండా పట్టుకోకూడదు. బల్లి మీద జాలితో పెట్టిన నిబంధన కాదిది. పట్టుకునేవాడి చేతుల్లో, కాళ్ల కింద ఇంకేం నలుగుతాయో తెలియదు కాబట్టి.

హవాయి ఇంకా కఠినం. అనుమతి లేని జంతువును ఆ దీవుల్లోకి తెస్తే 2 లక్షల డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే కఠినంగా ఉంటూనే ఓ తలుపు తెరిచి ఉంచారు. తెలియకో, మోజుపడో తెచ్చుకున్నవాళ్లు తమంతట తాము అప్పగిస్తే శిక్ష ఉండదు. ఫ్లోరిడాలోనూ, ఇక పెంచలేమనుకున్నవాళ్ల దగ్గర నుంచి జంతువుల్ని తీసుకునే ఏర్పాటుంది. భయపెడితే జనం రాత్రిపూట గోడ అవతల వదిలేసి పోతారని ఆ ప్రభుత్వాలకు అనుభవం మీద తెలిసింది.

పట్టేస్తే పోతాయా?

అందరూ తలో బల్లి పట్టుకుంటే పీడ విరగడవుతుందిగా అనిపించొచ్చు. కానీ లెక్క అంత తేలిక కాదు. ఆడబల్లి ఒక్కో విడతకు సాధారణంగా రెండేసి గుడ్లు పెడుతుంది. ఏడాదిలో అలా చాలా విడతలు పెట్టగలదు. మోజుతో పట్టేవాడు కళ్లకు కనబడిన నాలుగింటిని పట్టుకుని సంతోషంగా ఇంటికెళ్తాడు. కొబ్బరిచెట్టు మొవ్వులో దాక్కున్నవి మళ్లీ సంసారం మొదలెడతాయి.

అంతకన్నా పెద్ద ప్రమాదం డబ్బు. పరాయి జీవికి ధర పలికిందంటే, అది అంతరించాలని కోరుకునేవాడి పక్కనే, అది పెరగాలని కోరుకునేవాడూ పుట్టుకొస్తాడు. ఫ్లోరిడాలో ఊసరవెల్లుల విషయంలో ఇదే జరిగింది. కొందరు వాటిని గుట్టుగా తోటల్లో వదిలిపెట్టి, అవి పిల్లల్ని పెట్టాక రాత్రిళ్లు టార్చిలైట్లతో వెళ్లి ఏరుకొచ్చి అమ్ముకున్నారు. చేలో విత్తనం చల్లి పంట కోసుకున్నట్టు! పట్టడానికి అనుమతిచ్చిన చట్టం వదలడాన్ని అంత గట్టిగా ఎందుకు నిషేధించిందో ఇప్పుడు తెలుస్తుంది.

మారిషస్ లాంటి చోట ఇంకో చిక్కుంది. అక్కడ పచ్చగా ఉన్న ప్రతి బల్లీ పరాయిది కాదు. ఎర్రగీత చూడటం రానివాడు పెద్దన్న పిల్ల అనుకుని సొంత బల్లినే పట్టేయొచ్చు. ఏరివేత అక్కడ మోజుపడేవాళ్ల పని కాదు, పోల్చుకోవడం తెలిసినవాళ్లు ఓపిగ్గా చెయ్యాల్సిన పని.

మన బల్లీ తక్కువది కాదు

ఇదంతా చదివి ‘పాపం, ఎక్కడివాళ్ల కష్టాలో’ అని పేపరు మడిచేస్తే కుదరదు. నిందితుల జాబితాలో మన ట్యూబ్‌లైటు బల్లి కూడా ఉంది మరి! దక్షిణాసియా, ఆగ్నేయాసియాలు సొంత ఊళ్లుగా ఉన్న మామూలు ఇంటి బల్లి ఓడల్లో సరుకుల చాటున దాక్కుని ప్రపంచమంతా చుట్టింది. 1940లలో హవాయి చేరింది. దీపాల దగ్గర పురుగులు తింటూ బతికే అక్కడి పాత బల్లుల్ని గోడల మీద నుంచి తరిమేసింది. మారిషస్‌లో నేల మీద తిరిగే చిన్న రాత్రి బల్లులు కొన్ని ఈ పోటీ తట్టుకోలేక పెద్ద దీవిలో మాయమై, చుట్టూ ఉన్న చిట్టి దీవుల్లోనే మిగిలాయి. మన ఇంట్లో నోరు లేని జీవి, పరాయింట్లో పెత్తనం చేస్తోంది. అలాగని దాన్ని తిట్టి ఏం లాభం? ఓడ నడిపింది అది కాదుగా.

ఇటువైపు వచ్చేవీ తక్కువేం లేవు. అదృష్టమని అక్వేరియం షాపులో కొన్న చెవి దగ్గర ఎర్రచార తాబేలు అమెరికాది. కొన్నప్పుడు రూపాయి బిళ్లంత. నాలుగేళ్లకు అన్నం కంచమంత. ‘పాపం, బతుకుతుందిలే’ అని చెరువులో వదిలేస్తారు. అక్వేరియం అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చిన దక్షిణ అమెరికా చేప కూడా అలాగే కాలువల్లో పడింది. ఇప్పుడు మన చేపల చెరువుల రైతులు వలలు చింపుతోందని ‘దెయ్యం చేప’ అని తిట్టుకుంటున్నది దాన్నే. వదిలినవాళ్ల మనసులో ఉన్నది జాలే. కానీ ఆ జాలి ఒక జీవి మీద, భారం చెరువంతటి మీద.

మన చట్టమూ ఈమధ్య కళ్లు తెరిచింది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, సైటిస్ జాబితా జీవులకు విడిగా ఓ షెడ్యూలు చేర్చారు. 2024లో నిబంధనలొచ్చాయి. ఆ షెడ్యూలులోని జీవుల్ని పెంచుకుంటున్నవాళ్లు ఆరు నెలల్లోగా ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలన్నారు. పిల్లలు పుట్టినా, చనిపోయినా, వేరొకరికి ఇచ్చినా చెప్పాలి. బ్యాంకాక్ నుంచి వచ్చే బ్యాగుల్లో సాక్సుల్లో చుట్టిన కొండచిలువ పిల్లలు, డబ్బాల్లో కుక్కిన తాబేళ్లు, బల్లులు చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పట్టుబడుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. బతికి పట్టుబడినవాటిలో చాలావాటిని వచ్చిన విమానంలోనే వెనక్కి పంపుతున్నారు. దారిలో చనిపోయినవాటి లెక్క వేరే.

పిల్లలు పెంపుడు జంతువు కావాలని మారాం చేస్తే కొట్టు దగ్గరే మూడు ప్రశ్నలు అడగడం మేలు. ఇది ఏ దేశానిది? ఎంత పెద్దదవుతుంది? మనం ఊరు మారితే దీన్ని ఎవరికిస్తాం? మూడో దానికి జవాబు లేకపోతే కొనకపోవడమే దాన్ని ప్రేమించడం. ఇప్పటికే కొనేసి పెంచలేకపోతుంటే చెరువుగట్టుకు కాదు, అటవీశాఖ దగ్గరికి వెళ్లి అడగాలి.

అందమైన జీవిని చూడగానే చెయ్యి ముందుకు చాపాలనిపించడం సహజం. మడగాస్కర్‌లో ఆకు మీద ఉన్న పచ్చ బల్లికి తన అడవి దాటి సముద్రం దాటాలన్న కోరిక ఏనాడూ లేదు. దాటించింది మనిషి చెయ్యి, పరాయి నేల మీద వదిలిందీ ఆ చెయ్యే. ఇప్పుడు జరిమానాలు, లైసెన్సులు, కమిషన్లు అన్నీ కలిసి ఆ చేతికి చెబుతున్న మాట ఒక్కటే... చూసి ఆనందించు, చెయ్యి జేబులో పెట్టుకో!